ప్రయోగశాల కోతుల రక్త, మూత్ర పరీక్షలు: నార్మల్ విలువలు ఎలా చూసుకోవాలి

రిపోర్టు చేతికి రాగానే మన కళ్లు ముందు వెతికేది అంకెల పక్కన పడిన 'హై', 'లో' గుర్తుల్నే. కోతుల విషయంలో ఆ అలవాటు మానుకోవాలి. చాలాసార్లు ఆ గుర్తులు మనుషుల రేంజ్‌ని బట్టి మిషన్ వేసినవి. పైగా కోతి రక్తంలో అంకెలు జబ్బును బట్టి మారినంతగా, ఆ రక్తం ఎలా తీశారన్నదాన్ని బట్టీ మారతాయి. పట్టుకునేటప్పుడు పది నిమిషాలు పెనుగులాడిన కోతికీ, తనంతట తానే కాలు చాపి ఇచ్చిన కోతికీ ఆరోగ్యం ఒకలాగే ఉన్నా రిపోర్టులు మాత్రం ఒకలా రావు. అందుకే అంకెల కంటే ముందు, రక్తం తీసే దగ్గర నుంచే మొదలుపెడుతున్నాను.

ఇందులో ఎక్కువగా చెప్పేది రీసస్, సైనోమోల్గస్ కోతుల గురించి. ఈ రెండూ మకాక్ జాతులే. మార్మోసెట్లు అనే చిన్న కోతుల సంగతి అవసరమైన చోట చెబుతాను.

ముందుగా జంతువు వివరాలు రాసుకోండి

జాతి, వయసు, ఆడా మగా, బరువు, ఎక్కడి సంతతి. ఈ ఐదూ తెలియకుండా ఏ అంకెనూ నార్మల్ అనలేం.

రెండేళ్ల పిల్లకోతిలో ఏఎల్‌పీ అనే ఎంజైమ్ 500 వస్తే కంగారు పడక్కర్లేదు, అది ఎదుగుతున్న ఎముకల నుంచి వచ్చేది. పన్నెండేళ్ల కోతిలో అదే 500 వస్తే కాలేయం, పిత్తనాళాలు, ఎముకలు అన్నీ చూడాల్సిందే. ఫాస్ఫరస్ కూడా పిల్లల్లో ఎక్కువ. మగవాటికి కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి కిడ్నీల ద్వారా పోయే వ్యర్థం) కాస్త పైన ఉంటుంది, హిమోగ్లోబిన్ కూడా అంతే. ఆడ మకాక్‌లకు మనుషుల్లాగే సుమారు 28 రోజులకోసారి నెలసరి వస్తుంది. ఆ తేదీలు రాసి పెట్టుకోకపోతే మూత్రంలో రక్తం కనబడిన ప్రతిసారీ టెన్షన్ పడాల్సి వస్తుంది. కడుపుతో ఉన్న కోతిలో ప్లాస్మా పెరగడం వల్ల హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) తగ్గుతుంది, అది రక్తహీనత కాకపోవచ్చు.

సంతతి ఎందుకంటే, సైనోమోల్గస్‌లోనే మారిషస్ నుంచి వచ్చినవాటికీ, ఆసియా ఖండం నుంచి వచ్చినవాటికీ రక్తకణాల అంకెల్లో తేడాలుంటాయి. ఒక గుంపు రేంజ్‌ని ఇంకో గుంపుకు పెట్టి చూస్తే లేని జబ్బు కనిపిస్తుంది.

వీటితో పాటు గత వారంలో జరిగినవి కూడా రాయండి: ఇచ్చిన మందులు, కండరంలోకి వేసిన ఇంజెక్షన్లు, తోటి కోతులతో కొట్లాట, విరేచనాలు, కిందటిసారి రక్తం తీసిన తేదీ. రిపోర్టులో అర్థం కాని అంకెల్లో సగానికి జవాబు ఈ వివరాల్లోనే దొరుకుతుంది.

ఖాళీ కడుపు అంటే బుగ్గలు కూడా ఖాళీ

గ్లూకోజ్, ట్రైగ్లిజరైడ్లు సరిగ్గా రావాలంటే మకాక్‌లకు రాత్రంతా, అంటే 8 నుంచి 12 గంటలు, మేత ఆపాలి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. మకాక్‌లకు బుగ్గల్లో సంచులుంటాయని మరిచిపోవద్దు. సాయంత్రం వేసిన దాణా అక్కడ దాచుకుని తెల్లవారుజామున తీరిగ్గా తింటాయి. గిన్నె ఖాళీగా ఉందని కడుపు ఖాళీగా ఉన్నట్టు కాదు. కోతి తిన్న దానివల్ల చక్కెర 130 వస్తే దాన్ని డయాబెటిస్ అనుకుని మళ్లీ మళ్లీ సూది గుచ్చడం ఆ జంతువుకు అన్యాయం. మత్తు ఇస్తున్నప్పుడైతే ఇది ఇంకా ముఖ్యం. బుగ్గలోని మేత జారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మత్తు ఎక్కగానే నోరు తెరిచి చూసి, ఏమైనా ఉంటే తీసేయండి.

మార్మోసెట్లకు ఈ లెక్క వర్తించదు. 350 గ్రాముల ప్రాణిని రాత్రంతా పస్తు పెడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వాటికి కొద్ది గంటలు చాలు.

ఎంత రక్తం తీయవచ్చో లెక్క కట్టండి

ఒంట్లో ఉండే మొత్తం రక్తం కిలో బరువుకు రీసస్‌లో సుమారు 56 మిల్లీలీటర్లు, సైనోమోల్గస్‌లో 65, మార్మోసెట్‌లో 70. ఆరోగ్యంగా ఉన్న జంతువు నుంచి ఒక్కసారికి ఇందులో 10 శాతం దాటకూడదు, అలా తీశాక కనీసం రెండు వారాలు ఆగాలి.

నాలుగు కిలోల సైనోమోల్గస్ అనుకుందాం. మొత్తం రక్తం 260 మిల్లీలీటర్లు, అందులో 10 శాతం 26. రొటీన్ పరీక్షలకు 4 నుంచి 5 మిల్లీలీటర్లు సరిపోతాయి కాబట్టి ఇబ్బంది లేదు. 350 గ్రాముల మార్మోసెట్‌కు మొత్తమే 24.5 మిల్లీలీటర్లు. 10 శాతం అంటే రెండున్నర కూడా రాదు. అక్కడ ప్రతి చుక్కకూ లెక్క ఉండాలి. ఏ పరీక్ష నిజంగా అవసరమో ముందే తేల్చుకుని, చిన్న ట్యూబులు వాడండి. పదేపదే రక్తం తీయడం వల్ల వచ్చే రక్తహీనతను మందు ప్రభావం అనుకునే పొరపాటు చిన్న కోతుల్లోనే ఎక్కువ.

రక్తం తీయడం

ముందు మీ రక్షణ. మకాక్‌లు హెర్పీస్ బీ వైరస్‌ను మోస్తూ పైకి పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తాయి. వాటికి పెద్దగా హాని చేయని ఆ వైరస్ మనిషికి సోకితే, చికిత్స అందకపోతే చాలావరకు ప్రాణాంతకం. 1997లో అమెరికాలో ఒక యువ పరిశోధకురాలికి కోతి శరీర ద్రవం కంట్లో చిందింది, కొన్ని వారాల్లోనే ఆమె చనిపోయింది. కాటు లేదు, గీరు లేదు, కంట్లో ఒక్క చిందు మాత్రమే. అందుకే గ్లవ్స్, మాస్క్‌తో పాటు కళ్లజోడు, ఫేస్ షీల్డ్ పెట్టుకోకుండా పంజరం దగ్గరికి వెళ్లొద్దు. మూత్రం ట్రే తీసేటప్పుడు కూడా ఇదే నియమం. కాటు పడినా, గీరుకున్నా సబ్బు నీళ్లతో, కంట్లో పడితే మంచినీళ్లతో లేదా సెలైన్‌తో, వెంటనే 15 నిమిషాల పాటు ఆపకుండా కడగాలి. రిపోర్టు చేయడం, డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆ తర్వాతే.

రక్తం సాధారణంగా తొడ సిర నుంచి, పిక్క వెనక సిర నుంచి, లేదా ముంజేతి సిర నుంచి తీస్తారు. మకాక్‌లకు 21 నుంచి 23 గేజ్ సూది, మార్మోసెట్లకు 25 నుంచి 27. తొడ దగ్గర తీశాక రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి. అక్కడ లోపల రక్తం గడ్డకట్టి వాచే అవకాశం ఎక్కువ.

ఇక అసలు విషయం. కోతి భయపడినప్పుడు అడ్రినలిన్ దూసుకొస్తుంది. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న తెల్లకణాలు నిమిషాల్లో ప్రవాహంలోకి వచ్చేస్తాయి. మొత్తం తెల్లకణాల లెక్క పెరుగుతుంది, వాటిలోని రకాలైన న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు రెండూ పెరుగుతాయి, గ్లూకోజ్ ఎగబాకుతుంది. ఆ భయం గంటల తరబడి కొనసాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పని మొదలుపెడుతుంది. అప్పుడు న్యూట్రోఫిల్స్ ఎక్కువగానే ఉంటాయి కానీ లింఫోసైట్లు, ఇంకో రకం తెల్లకణాలైన ఇయోసినోఫిల్స్ తగ్గిపోతాయి. ఈ రెండు తీరులూ గుర్తుంచుకోండి, ఇన్‌ఫెక్షన్ అనుకున్న కేసుల్లో చాలావాటికి ఇవే కారణం.

కెటమిన్‌తో మత్తు ఇచ్చి తీస్తే ఇంకోలా ఉంటుంది. పెనుగులాడిన కోతితో పోలిస్తే ఎర్రకణాలు, హిమోగ్లోబిన్, ప్రొటీన్, లింఫోసైట్లు, గ్లూకోజ్ కాస్త తక్కువగా వస్తాయి. వరసగా రోజూ కండరంలోకి ఇంజెక్షన్ వేస్తే కండరం దెబ్బతిన్నప్పుడు బయటికొచ్చే ఎంజైమ్‌లు సీకే, ఏఎస్‌టీ పెరుగుతాయి. కెటమిన్ ఇచ్చినా, ఇవ్వకపోయినా తప్పు లేదు. కానీ ఒక స్టడీలో మొదటి రోజు ఒకలా, పదో రోజు ఇంకోలా తీస్తే ఆ రెండు రిపోర్టుల్ని పోల్చడానికి వీల్లేదు. పద్ధతితో పాటు టైమ్ కూడా ఒకటే ఉండాలి. కార్టిసాల్ ఉదయం ఎక్కువ, సాయంత్రం తక్కువ.

నా సలహా అడిగితే, ఓపిక పట్టి శిక్షణ ఇవ్వండి. రోజూ కొద్దిసేపు, ఇష్టమైన తినుబండారం ఇస్తూ, ముందు కాలు చాపడం, తర్వాత తాకనివ్వడం, తర్వాత సూది లేని సిరంజి ఆనించడం, ఇలా వారాల్లో నేర్పిస్తే చాలా మకాక్‌లు నిశ్చలంగా కూర్చుని కాలు ఇస్తాయి. నేను పనిచేసిన ఒక చోట పెనుగులాటతో తీసిన సీకే అంకెలు వందల నుంచి వేల దాకా ఎగుడుదిగుడుగా ఉండేవి. శిక్షణ ఇచ్చాక అవే కోతుల్లో చాలా తగ్గి నిలకడగా వచ్చాయి. జంతువుకు భయం తప్పింది, మాకు నమ్మదగిన అంకె దొరికింది.

ట్యూబుల దగ్గర తప్పులు జరగనివ్వొద్దు

రక్తకణాలకు ఈడీటీఏ ట్యూబు, బయోకెమిస్ట్రీకి సీరం ట్యూబు, గడ్డకట్టే పరీక్షలకు సిట్రేట్ ట్యూబు. నింపే వరస: సిట్రేట్, సీరం, చివర్లో ఈడీటీఏ. ఈడీటీఏ చుక్క సీరంలో కలిస్తే పొటాషియం అమాంతం పెరుగుతుంది, కాల్షియం, ఏఎల్‌పీ పడిపోతాయి. ఈ మూడూ కలిసి వచ్చిన రిపోర్టు చూస్తే ముందు అనుమానించాల్సింది ట్యూబునే.

ఈడీటీఏ ట్యూబును వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తిప్పండి, ఊపొద్దు. సీరం ట్యూబును అరగంట నిలబెట్టి, గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్ చేసి సీరం వేరు చేయండి. రక్తం అలాగే ఉంచేస్తే కణాలు చక్కెరను తినేస్తుంటాయి. గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఒకసారి గ్లూకోజ్ 30 వచ్చిందని అందరం పరుగెత్తాం. కోతి మాత్రం హాయిగా తింటూ కూర్చుంది. ట్యూబు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. సీరం ఎర్రగా ఉంటే కణాలు పగిలినట్టు. పొటాషియం, ఏఎస్‌టీ, ఎల్‌డీహెచ్ (కణాల్లో ఉండే ఇంకో ఎంజైమ్) మీద నమ్మకం పెట్టుకోకండి.

రక్తకణాల అంకెలు

కింద ఇచ్చేవి పెద్ద మకాక్‌లకు స్థూలమైన హద్దులు. మీ ల్యాబ్ మిషన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

ఎర్రకణాలు మైక్రోలీటరుకు 48 నుంచి 70 లక్షలు. హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 11 నుంచి 14.5 గ్రాములు. హెమటోక్రిట్ 35 నుంచి 46 శాతం. ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 65 నుంచి 80 ఫెమ్టోలీటర్లు. ఇది మనిషి కణం కంటే చిన్నది, కాబట్టి మనుషుల రేంజ్‌లో చూస్తే ప్రతి కోతికీ ఐరన్ లోపం ఉన్నట్టే కనిపిస్తుంది. ప్లేట్‌లెట్లు 2 నుంచి 5 లక్షలు. తక్కువ వస్తే ముందు స్లైడు మీద గుంపులు కట్టాయేమో చూడండి.

తెల్లకణాలు 5 నుంచి 15 వేలు. ఇంత వెడల్పు రేంజ్ ఎందుకో పైన చెప్పిన భయం సంగతి చదివితే అర్థమవుతుంది. ప్రశాంతంగా ఉన్న మకాక్‌లో లింఫోసైట్లు న్యూట్రోఫిల్స్‌తో సమానంగానో, ఎక్కువగానో ఉండవచ్చు. ఇయోసినోఫిల్స్ పెరిగితే పరాన్నజీవుల వైపు చూడండి.

ప్రతి కొత్త గుంపులో స్లైడును కళ్లతో చూడటం మానొద్దు. అడవిలో పట్టిన, లేదా ఆరుబయట పెంచిన ఆసియా మకాక్‌లలో ప్లాస్మోడియం జాతుల మలేరియా బయటికి కనబడకుండా ఉండవచ్చు. ప్లీహం తీసేసినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు ఇచ్చినా అది ఒక్కసారిగా బయటపడి హిమోగ్లోబిన్ పడిపోతుంది. అప్పుడు తప్పు మందు మీదకు పోతుంది.

మార్మోసెట్లలో హిమోగ్లోబిన్ మకాక్‌ల కంటే కాస్త ఎక్కువ, సుమారు 14 నుంచి 17.

సీరం అంకెలు

గ్లూకోజ్ పరగడుపున డెసీలీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు. బీయూఎన్ (రక్తంలోని యూరియా నైట్రోజన్) 10 నుంచి 25, క్రియాటినిన్ 0.5 నుంచి 1.2. కొన్ని ల్యాబులు బీయూఎన్ బదులు యూరియా ఇస్తాయి. బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. బీయూఎన్ 15 అంటే యూరియా 32. ఈ తేడా చూడకుండా 32ని కిడ్నీ జబ్బు అనుకున్నవాళ్లను చూశాను. యూనిట్లు మారినప్పుడు గ్లూకోజ్ మిల్లీగ్రాములను 18తో భాగిస్తే మిల్లీమోల్స్, క్రియాటినిన్‌ను 88.4తో గుణిస్తే మైక్రోమోల్స్.

మొత్తం ప్రొటీన్ 6.5 నుంచి 8 గ్రాములు, ఆల్బుమిన్ 3.5 నుంచి 4.8. దీర్ఘకాలం విరేచనాలతో బాధపడే మకాక్‌లో ముందుగా పడిపోయేవాటిలో ఆల్బుమిన్ ఒకటి.

కాలేయ ఎంజైమ్ ఏఎల్‌టీ 15 నుంచి 60, ఏఎస్‌టీ 20 నుంచి 60 యూనిట్లు. బిలిరుబిన్ అర మిల్లీగ్రాముకు లోపే. కొలెస్ట్రాల్ 100 నుంచి 180. జీజీటీ అనే ఇంకో ఎంజైమ్ మాత్రం సైనోమోల్గస్‌లో 50 నుంచి 150 దాకా మామూలే. మనుషుల లెక్కలో చూస్తే అది కాలేయ జబ్బులా కనిపిస్తుంది.

సోడియం 142 నుంచి 152, పొటాషియం 3.3 నుంచి 4.8, కాల్షియం 8.5 నుంచి 10.5. సోడియం 148 వచ్చిన ప్రతి కోతికీ మిషన్ 'హై' అని గుర్తు వేస్తుంది, పట్టించుకోకండి. యూరిక్ ఆమ్లం దీనికి రివర్స్. మనకు లేని యూరికేస్ ఎంజైమ్ మకాక్‌లకు ఉంది కాబట్టి వాటిలో అది 1 కంటే తక్కువే. అక్కడ పడే 'లో' గుర్తుకు అర్థం లేదు.

మూత్రం: సేకరణలోనే సగం ఉంది

ట్రేలో పడిన మూత్రంలో మలం, మేత, తాగే నీళ్లు కలుస్తాయి. బ్యాక్టీరియా కల్చర్‌కు అది పనికిరాదు. అందుకు మత్తులో, అల్ట్రాసౌండ్ చూస్తూ పొత్తికడుపు మీద నుంచి సూదితో మూత్రాశయంలోంచి తీయాలి. రొటీన్ పరీక్షకు శుభ్రమైన ట్రే చాలు, కానీ గంట రెండు గంటల్లో పరీక్ష చేయాలి. ఆలస్యమయ్యేటట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టి, చేసే ముందు గది వేడికి రానివ్వండి. నిలవ ఉన్న మూత్రంలో క్షారత పెరుగుతుంది, కణాలు చెదిరిపోతాయి.

పీహెచ్ 6 నుంచి 8.5. మకాక్‌లు తినేది ఎక్కువగా మొక్కల ఆహారం కాబట్టి క్షారం వైపే మొగ్గుతుంది. ఆ క్షారం వల్లే డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచితే రంగు మారే పట్టీ) మీద ప్రొటీన్ ఉన్నట్టు తప్పుగా రంగు మారుతుంది. పీహెచ్ 8 దాటి ప్రొటీన్ ఒక ప్లస్ వస్తే ల్యాబులో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చేయించి నిర్ధారించుకోండి.

గ్లూకోజ్, కీటోన్లు, బిలిరుబిన్, రక్తం నెగెటివ్ ఉండాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కోతులు విటమిన్ సీ సొంతంగా తయారు చేసుకోలేవు, అందుకని దాణాలో కలుపుతారు. ఎక్కువైంది మూత్రంలో పోతుంది. అది డిప్‌స్టిక్ మీద గ్లూకోజ్‌ను, రక్తాన్ని కనబడకుండా చేయగలదు. కాబట్టి నెగెటివ్ అని తేల్చే ముందు మైక్రోస్కోపు కింద ఎర్రకణాలు చూడండి. ఎక్కువ పవర్ లెన్సులో కనిపించే ఒక్కో ఫీల్డుకు ఐదు లోపు ఎర్రకణాలు, ఐదు లోపు తెల్లకణాలు మామూలే. క్షార మూత్రంలో ఫాస్ఫేట్ స్ఫటికాలు, మగవాటిలో వీర్యకణాలు కనబడితే జబ్బు కాదు.

మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీని డిప్‌స్టిక్‌తో కాక, కాంతి వంగడాన్ని బట్టి కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. 1.005 నుంచి 1.030 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కొన్ని కోతులు ఊసుపోక నీళ్ల నాజిల్‌తో ఆడుతూ తెగ తాగుతాయి, కొన్ని నీళ్లను ట్రేలోకి వదిలేస్తాయి. ఒక్క పలుచటి మూత్రం చూసి కిడ్నీ పాడైందనొద్దు.

తేడా వస్తే ఏం చేయాలి

ఒంటరి అంకెను నమ్మకండి. 95 శాతం రేంజ్ అంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్న ఇరవై కోతుల్లో ఒకదానికి ఆ అంకె బయట పడుతుందని అర్థం. ఒకదానికొకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే అన్నీ రేంజ్‌లోనే ఉండే అవకాశం 36 శాతమే. జతలు చూడండి.

ఏఎస్‌టీ, సీకే రెండూ పెరిగి ఏఎల్‌టీ కొంచెమే పెరిగితే అది కండరం. ఇంజెక్షనో, కొట్లాటో జరిగి ఉంటుంది. రెండు నాలుగు రోజులాగి మళ్లీ చూడండి. సీకే మామూలుగా ఉండి ఏఎల్‌టీ పెరిగితే కాలేయం వైపు వెళ్లండి. బీయూఎన్ పెరిగి మూత్రం చిక్కగా ఉంటే నీళ్లు చాలక కావచ్చు. బీయూఎన్, క్రియాటినిన్ రెండూ పెరిగి మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ 1.010 దగ్గరే ఆగిపోతే కిడ్నీ సంగతి గట్టిగా ఆలోచించాలి. పరగడుపు గ్లూకోజ్ రెండు మూడుసార్లు ఎక్కువొచ్చి మూత్రంలోనూ ఉంటే డయాబెటిస్. వయసు మళ్లిన, లావైన సైనోమోల్గస్‌లకు అది సహజంగానే వస్తుంది, కొన్ని వారాల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి.

మీ సొంత రేంజ్ తయారు చేసుకోండి

పుస్తకంలోని అంకెలు దారి చూపడానికే. మీ మిషన్‌తో, మీ పద్ధతిలో, మీ కోతుల్లో తీసిన అంకెలే మీకు నిజమైన హద్దులు. పూర్తి స్థాయి రేంజ్‌కు ఆరోగ్యంగా ఉన్న 120 జంతువులు కావాలి. నలభైకి తగ్గితే జాగ్రత్తగా వాడాలి. అన్ని లేకపోతే ప్రచురితమైన రేంజ్ ఒకటి తీసుకుని, మీ ఇరవై కోతుల అంకెలు దానికి సరిపోతున్నాయో చూసుకోవచ్చు. మగ, ఆడ, పిల్ల, పెద్ద వేరు చేయండి.

అంతకన్నా మేలైనది ఆ కోతి పాత రిపోర్టే. స్టడీ మొదలయ్యే ముందు ఒకే పద్ధతిలో, వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు బేస్‌లైన్ (తర్వాత పోల్చుకోవడానికి మొదటి అంకెలు) తీసి, దాని కార్డులోనే రాసి పెట్టండి. క్రియాటినిన్ ఎప్పుడూ 0.6 ఉండే కోతికి ఈరోజు 1.1 వస్తే రేంజ్ ప్రకారం అది నార్మలే. కానీ ఆ కోతికి అది దాదాపు రెట్టింపు. అదే రోజు మూత్రం కూడా తీసి స్పెసిఫిక్ గ్రావిటీ చూడండి, మూడు రోజుల్లో రక్తం మళ్లీ పంపండి.